గోరింకకు పోకచీటీ

శ్రావణ బహుళ సప్తమి

ఇది మా దళం ఆటల పుస్తకం. ఏ ఊళ్ళో ఏ కథ చెప్పామో, జనం ఏపాటి వచ్చారో రాసుకోవడానికి పెట్టుకున్నది. ఈ రోజు నుంచి ఇందులో నా కడుపుమంట రాస్తాను. నోటితో అంటే ఆ పెట్టె వింటుంది. కాగితం మీద రాసింది దానికి వినపడదు. ఈ కాలంలో చేత్తో రాసేవాళ్ళే లేరు, చేతిరాత చదివేవాళ్ళు అసలే లేరు, కాబట్టి నాకు ధైర్యం.

నా పేరు అసిరమ్మ. బుర్రకథలో హాస్యం వంతని. కథ చెప్పేది మా అన్న పెళ్ళాం తవిటమ్మ. వదిన నడుమ నిలబడి తంబూరా మీటుతూ కథ నడిపిస్తుంది. ఎడమపక్క నేను గుమ్మెట వాయిస్తూ జనాన్ని నవ్విస్తాను. కుడిపక్కన ఉండే వంత రాజకీయం మాట్లాడతాడు, లోకంలో జరిగేవన్నీ ఎత్తిపొడుస్తాడు. ఎడమ హాస్యం, కుడి రాజకీయం. పక్కలు మారితే కథ చెడుతుందని మావాళ్ళ నమ్మకం. మా తాతల నాటి నుంచి ఎవరూ మార్చలేదు. ఇరవై రెండేళ్ళపాటు వదిన కథలో ఒక ముక్క చెప్పి ముందు నా వైపే తిరిగేది. నేనేమంటానా అని కళ్ళు మెరుస్తూ చూసేది.

కుడిపక్క సన్యాసి బావ ఉండేవాడు. మోకాళ్ళు అరిగిపోయి పోయిన ఏడు మానేశాడు. ఇంకో మనిషిని చూద్దామన్నాను. వదిన వింటేనా! ఒక్కతే పట్నం వెళ్ళి ఒక పెట్టె తెచ్చుకుంది. పోపులపెట్టె అంత ఉంటుంది. వింటుంది, నేర్చుకుంటుంది, మాట్లాడుతుంది. దానికి గోరింక అని ముద్దుపేరు కూడా పెట్టింది. మా అన్నని ఏనాడూ అంత ముద్దుగా పిలవగా నేను వినలేదు.

పెట్టెతో పాటు చిన్న పూస ఒకటి వచ్చింది. దాన్ని వదిన కుడిచెవిలో పెట్టుకుంటుంది. కథ జరుగుతున్నంతసేపూ ఆ పెట్టె పూసలోకి గుసగుసలాడుతూనే ఉంటుంది.

"ఏటి సెప్తాది నీకు సెవిలో?" అని అడిగాను.

"తాలం సెప్తాదే" అంది, నా మొహం చూడకుండా.

ఇరవై రెండేళ్ళు నా గుమ్మెట చెప్పిన తాళానికి ఏం తెగులొచ్చిందో! ఇప్పుడు వదిన ముందు కుడివైపు తిరుగుతుంది. పెట్టె చెప్పింది విని నవ్వుతుంది. నా వైపు తిరిగేసరికి నా మాట చల్లారిపోయి ఉంటుంది. ఏకై వచ్చి మేకైందంటే ఇదే.


శ్రావణ బహుళ దశమి

చంద్రుడి మీద శశిపేట మంచుగనిలో పనిచేసే మనవాళ్ళు చవితి పందిట్లో కథ చెప్పడానికి మమ్మల్ని పిలిచారు. ఊళ్ళో ముసలమ్మలందరూ ముక్కున వేలేసుకున్నారు. చవితినాడు చంద్రుణ్ణి చూస్తేనే చెయ్యని తప్పుకి నింద పడుతుందంటారే, ఏకంగా దాని నెత్తినే ఎక్కి కూర్చుంటారా అని. వదిన నవ్వేసింది. చవితి కథ విని అక్షింతలు వేసుకుంటే ఏ నిందా అంటదు, ఆ కథ చెప్పేదే మనం కదా అంది.

సామాను కట్టడం, కాగితాలు చూసుకోవడం మా దళంలో హాస్యం వంత పని. కథకురాలు తంబూరా తప్ప ఇంకేదీ మొయ్యదు. ఎగురుపడవలో మనిషికి ఇంత తూకమని ఉంటుంది. కట్టి, విప్పి, మళ్ళీ కట్టి చూశాను. కాస్త ఎక్కువే వస్తోంది.

"నీ మట్టి గుమ్మెట ఇక్కడే ఒగ్గీ. ప్లాస్టిక్‌ది అట్టుకో" అంది వదిన.

"అది నా పెల్లినాటి గుమ్మెట ఒదినా. గోరింకనే ఒగ్గీరాదూ?"

"ఏటే, గోరింక నేకపోతే నానెలాగ సెప్తాను కథ?"

అదీ మాట. నేను లేకపోయినా చెప్తుందన్నమాట! గుమ్మెట తీసి అటకెక్కించాను. ఆ చేత్తోనే పెట్టెని మెత్తటి గుడ్డలో చుట్టి, చీరల నడుమ పెట్టాను. చుడుతుంటే అది, "ధన్యవాదాలు అసిరమ్మ గారూ" అంది వార్తలు చదివేవాళ్ళ గొంతుతో. గారూ అట! మా ఇంట్లో ఎవరు ఎవర్ని గారూ అన్నారు గనక?


శ్రావణ బహుళ త్రయోదశి

ఎగురుపడవలో రాస్తున్నాను. పెన్ను పైకి తేలిపోతోంది. అయినా ఇది రాయకపోతే నాకు ఊపిరాడదు.

పొద్దున్న రేవులో కస్టమ్స్ హాలుకి వెళ్ళాం. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేర్చుకునే యంత్రాన్ని ఎవరైనా దేశం దాటించేముందు పోకచీటీ రాయించుకోవాలి. చీటీ లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అది చంద్రుడి సరుకు కిందే లెక్క. చంద్రుడి మీద నేర్చుకున్న యంత్రాలని మనవాళ్ళు లోపలికి రానివ్వరు. ఇక్కడే తుడిచేసి, ఖాళీ గుల్ల చేతికిస్తారు. తెచ్చినవాళ్ళ పేరు దొంగసరుకు జాబితాకి ఎక్కుతుంది.

అప్పుడే వదినని ఊపిరి పరీక్షకి పిలిచారు.

"నాను పరీచ్చకి ఎల్తన్నాను. నువ్వు గోరింకని అట్టుకెల్లి సీటీ రాయించీ. బేగి రా" అని, నా చేతిలో పెట్టె పెట్టి వెళ్ళిపోయింది. పూస ఆవిడ చెవిలోనే ఉంది.

చీటీల కౌంటరు దగ్గర ముందు టోకెను తీసుకోవాలి. అక్కడి తూకం బల్ల మీద పెట్టె పెట్టాను. దాని ఒంటి మీది అంకె, బరువు, తేదీ అచ్చయి టోకెను బయటికొచ్చింది. నలభై ఏడు. కౌంటర్లో ఉన్న ఆఫీసరమ్మ పేరు బెహరా దమయంతి. ఒక్కొక్కరి దగ్గరా టోకెను తీసుకుని, వేలిముద్ర వేయించుకుని, చీటీ రాసిస్తోంది. నేను పెట్టెని ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను.

కూర్చున్నదాన్ని ఊరుకోవచ్చు కదా? బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. చీటీ రాయించకపోతే వెళ్ళేటప్పుడు ఎవరూ అడగరు, వచ్చేటప్పుడే అడుగుతారు. అడిగి పట్టుకుంటారు. తుడిచేస్తారు. పూసలో గుసగుసలుండవు. వదిన మళ్ళీ ఎడమవైపు తిరుగుతుంది. జాబితాలో పేరు మాట అప్పుడు నాకు గుర్తుకే రాలేదు. వచ్చి ఉంటుంది, నేనే పక్కకి నెట్టేసి ఉంటాను.

"నలభై ఏడు" అని పిలిచారు.

"అసిరమ్మ గారూ, నలభై ఏడు మనదే" అంది గోరింక.

"నోర్ముయ్" అని దాని మీట నొక్కేశాను. ఇంకోసారి పిలిచారు. తల వంచుకుని కాలి వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. నలభై ఎనిమిదిని పిలిచారు. లేచి వచ్చేశాను.

"తీసినావా సీటీ?" అని వదిన అడిగింది.

"తీసీసినాను. సంచీలో ఉంది" అన్నాను.

సంచీలో ఉన్నది టోకెను. దాన్ని పారేద్దామనే అనుకున్నాను. వదిన పక్కనే ఉంది, చెత్తబుట్ట దూరంగా ఉంది. అలా అది ఈ పుస్తకంలోనే ఉండిపోయింది.


భాద్రపద శుద్ధ విదియ, శశిపేట

ఇక్కడ గాలికి కూడా గంటల లెక్కే. స్నానానికి చెంబెడు నీళ్ళు. అడుగు వేస్తే మనిషి గెంతుతాడు. మా వదినకి యాభై ఆరేళ్ళు, కథ చెప్తూ గెంతితే పదహారేళ్ళ పిల్లలా ఉంది. చూడముచ్చటగానే ఉంది, కాదనను.

రోజూ రిహార్సలు వేస్తున్నాం. ఈ ఊరి సంగతులన్నీ గోరింకకి చెప్పి నేర్పిస్తోంది వదిన. మేస్త్రీ పేరేమిటి, క్యాంటీన్లో ఏ కూర అంటే తిట్టుకుంటారు, ఎవరి షిఫ్టు ఎవరికి పడదు. ఒకప్పుడు ఇవన్నీ నాకు చెప్పేది. కొత్త ఊరు వెళ్తే ఇద్దరం చెట్టాపట్టాలేసుకుని టీకొట్టు దగ్గర నిలబడి ఊరి గుట్టంతా లాగేవాళ్ళం.

ఈ రోజు మధ్యాహ్నం అన్నం తింటూ, "ఒదినా, ఓ ఊల్లో బుడ్డోడు మన తంబూరా అట్టుకుని పారిపోనాడు, గుర్తుందా?" అన్నాను. ఎప్పటిలా ఎడమపక్కనే కూర్చున్నాను. అయినా పలకలేదు. ముద్ద కలుపుకుంటూనే ఉంది. పెట్టె ఆ వేళ గోడ దగ్గర చార్జింగులో ఉంది, చెవిలో పూస లేదు. పూస ఉంటే దానితో, లేకపోతే అన్నంతో. నాతో మాత్రం మాటల్లేవు. నా పళ్ళెం తీసుకుని వెళ్ళి ఇంకో బల్ల దగ్గర కూర్చున్నాను. అదీ ఆవిడ గమనించలేదు.


చవితి

ఇక్కడివాళ్ళు ఒక వింత చేస్తారు. చంద్రుణ్ణి చూడకూడదు అందామంటే వాళ్ళు నిలబడ్డ నేలే చంద్రుడు. కాబట్టి మనకి చంద్రుడెలాగో మాకు భూమి అలాగ అని తీర్మానించుకుని, చవితినాడు కిటికీలకి దుప్పట్లు కట్టేస్తారు. భూమి కనపడితే నింద. పత్రికి ఇరవై ఒక్క ఆకులు కావాలి కదా, వీళ్ళ మొక్కల కొట్టాంలో పండేవి ఏడు రకాలే. గోంగూరనే నాలుగు పేర్లతో వేశారు. చంద్రుడి దుమ్ముతో చేసిన వినాయకుడు మాత్రం బంగారు తండ్రిలా ఉన్నాడు.

కథ మొదలైంది. హాలు కిటకిటలాడింది. నేను మొదటి మాట అందుకున్నాను. "ఇక్కడ గాలికి జీతంలో కోత కోస్తారట కదా, మరి మొగుడి మీద కోపమొచ్చి నిట్టూరిస్తే ఆ కోత ఎవులి జీతంలో?" అన్నాను. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మగవాళ్ళు వాళ్ళని చూసి నవ్వారు. నేను వదిన వైపు చూశాను. ఆవిడ ఇంకా జనం వైపే చూస్తోంది. మొహంలో ఏమీ లేదు. తర్వాత కుడివైపు కాస్త తల వంచింది. పెట్టె పూసలో ఏదో ఊదింది. అప్పుడు నవ్వింది. అప్పుడు కథ ముందుకి నడిపింది.

అంటే నా మాటకి నవ్వు రాలేదు. అది ఊదిన మాటకి వచ్చింది! ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషిని నేను పక్కన ఉండగా, నిన్నగాక మొన్న వచ్చిన పోపులపెట్టె చెప్తే నవ్వింది. ఆ తర్వాత గోరింక మేస్త్రీ మీద ఒక ఎత్తిపొడుపు విసిరితే హాలంతా చప్పట్లు. ఈలలు కూడా.

కథ అయ్యాక నడవలోకి వచ్చి, కిటికీకి కట్టిన దుప్పటి ఒక పక్కకి లాగాను. నిండుకి కాస్త తక్కువగా ఉంది భూమి, నీలంగా. కావాలనే చూశాను. కళ్ళారా చూశాను. పడితే పడనీ నింద అనుకున్నాను.


పంచమి

గోరింక కన్నాల్లో దుమ్ము చేరితే బ్రష్షుతో తుడవడం కూడా నా పనే. సేవకి నేను, సరసానికి అది. తుడుస్తుంటే అది అడిగింది. వదినని అమ్మ అంటుంది.

"అసిరమ్మ గారూ, నలభై ఏడు సంగతి అమ్మకి చెప్పారా?"

చేతిలో బ్రష్షు వదిలేశాను. ఇక్కడ వస్తువులు మెల్లగా పడతాయి కనక పట్టుకోగలిగాను.

"నువ్వు సెప్పీసినావా?"

"నేను మీరన్న మాటలే అమ్మకి చెప్తాను. మీరు అనలేదు కదా."

ఇదేం మాటో నాకు అర్థం కాలేదు. వెక్కిరింపు అనుకున్నాను. కానీ అప్పటి నుంచి తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని. దొంగసరుకు జాబితాలో ఎక్కేది నా పేరు కాదు. పెట్టె వదినది. ఆ జాబితాలో పేరెక్కినవాళ్ళని ఏ పందిట్లోకీ పిలవరు, దళం లైసెన్సు కూడా పోతుంది. ఇప్పుడు చెప్పేద్దామా అనుకుని రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లూ పెట్టెతో మాట్లాడుతోంది. తిరిగి వచ్చేశాను.


ఏకాదశి, రేవు కస్టమ్స్ హాలు

బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అదే బెంచీ. అంతా అయిపోయింది. అయినది అయినట్టు రాస్తాను.

కౌంటర్లో ఆ దమయంతే ఉంది. సామాను చూసి, "మీ యంత్రానికి పోకచీటీ ఏదండీ?" అని అడిగింది.

"మా అసిరి కాడుంది" అంది వదిన, నా వైపు తిరిగి నవ్వుతూ.

"ఎక్కడో పడిపోనాది మేడమ్" అన్నాను.

దమయంతి తన తెర మీద అంకె కొట్టి చూసింది. "పడిపోవడం కాదండీ, రాతల్లోనే లేదు. ఈ పెట్టె ఇక్కణ్ణుంచి వెళ్ళినట్టే లేదు. చంద్రుడి మీద కొని తెస్తున్నారా?"

"ఓలమ్మో! అదేటి మాట తల్లీ! ఏడాదై మా ఇంట్లో ఉంది. మా అసిరి సొయంగా సీటీ తీసింది. అది అబద్దమాడదు."

దమయంతి చెడ్డది కాదు. చట్టం చదివి చెప్పింది. భూమి నుంచి వెళ్ళినట్టు ఏ కాగితమైనా చూపిస్తే సరే, లేకపోతే ఈ పూటే తుడిచేస్తాం, మీ పేరు జాబితాకి పంపిస్తాం అంది. పెట్టెనీ, వదిన చెవిలోని పూసనీ తీసుకుని గాజు అరలో పెట్టింది. పూస తీస్తుంటే వదిన చెయ్యి చెవి మీదే ఉండిపోయింది.

దమయంతి కౌంటరు దాటి వచ్చి వదినకి ఎడమపక్క నిలబడింది. "ఈ యంత్రం ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. వదిన గాజు అర వైపే చూస్తోంది. ఇంకోసారి అడిగింది. మూడోసారి గట్టిగానే అడిగింది. వదిన పలకలేదు.

"జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే రాసుకోవాల్సి వస్తుందండీ."

"ఒదినా!" అన్నాను నేనూ, ఎడమపక్క నుంచే. పలకలేదు. చెయ్యి పట్టి లాగితే ఉలిక్కిపడి తిరిగింది.

"ఏటే? ఏటంతంది ఆయమ్మ?"

ఏమిటీ నాటకం అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. కుళ్ళు కళ్ళకే కాదు, బుద్ధికి కూడా పొర కమ్ముతుంది.

చంద్రుడి మీద గడిపిన రోజుల్లో యంత్రం ఏం మాట్లాడిందో తెరిచి వినే అధికారం వీళ్ళకి ఉంది. అంతకు ముందువి తెరవకూడదట. దమయంతి గాజు అరకి బిగించిన మైకు బూర తెరిచి, పూసలోకి పోయిన మాటలన్నీ వరసగా వినిపించింది. ఇన్నాళ్ళూ నేను చచ్చేంత తెలుసుకోవాలనుకున్న గుసగుసలు. హాలంతా వినపడేట్టు వినిపించింది.

"అసిరి అంటోంది: ఒదినా, నీల్లు తాగు."

"అసిరి పిలుస్తోంది. ఎడమకి తిరగండి."

"అసిరి అంటోంది: కోపమొచ్చి నిట్టూరిస్తే ఆ కోత ఎవులి జీతంలో? జనం నవ్వుతున్నారు. మీరు నవ్వవచ్చు."

"అసిరి గుమ్మెట ఆపింది. మీ వంతు."

"అసిరి మీ మీద అలిగినట్టుంది. కారణం తెలియదు."

అలాగే పోతోంది. తాళం లేదు, సరసం లేదు, గుట్టు లేదు. అసిరి, అసిరి, అసిరి. నా పుస్తకం నిండా అది ఉంది. దాని పొట్ట నిండా నేనున్నాను.

నేను వదిన కుడిపక్కకి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ నిలబడని పక్క.

"ఒదినా, నీకు ఎడం సెవి ఇనపడదా?"

వదిన నేల చూపులు చూసింది. "రెండేల్లయింది. పూర్తిగా పోనాది."

"నాతో సెప్పొచ్చు కాదేటి!"

"సెప్తే కుడిపక్కకి వచ్చీస్తానంటావు. ఎడంపక్క నీదే అసిరీ. నవ్వు పుట్టే పక్క. నా సెవి పోనాదని నీ పక్క మార్సీనా? అయినా సెవిటిదాన్ని కథ సెప్పడానికి ఎవులు పిలుత్తారు?"

దమయంతి అటు తిరిగి ఏవో కాగితాలు సర్దుకుంది. తర్వాత, "మాటలన్నీ బాగానే ఉన్నాయమ్మా, కానీ చంద్రుడి మీద కూడా తెలుగు నేర్చిన యంత్రాలున్నాయి. నాకు కాగితం కావాలి" అంది నెమ్మదిగా.

కాగితం నా సంచీలో ఉంది. ఈ పుస్తకంలో, త్రయోదశి పేజీలో. పెట్టె అంకె, బరువు, తేదీ అన్నీ అచ్చయిన టోకెను. అది బయటికి తీస్తే ఇంకొకటి కూడా బయటికి వస్తుంది. పిలిచినా వెళ్ళనిది ఎవరో తెలిసిపోతుంది. తియ్యకపోతే పెట్టెని తుడిచేస్తారు, ఇక వదిన పక్కన నేనొక్కదాన్నే ఉంటాను. నేను కోరుకున్నది అదే. కాకపోతే నేనేమన్నా వదినకి వినపడదు.

టోకెను తీసి కౌంటరు మీద పెట్టాను.

దమయంతి అంకె చూసింది, పెట్టె తూచింది, తన తెరలో టోకెన్ల వరస చూసింది. "నలభై ఏడుని రెండుసార్లు పిలిచాం. రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలండీ. యజమాని వినేట్టు చెప్పాలి" అని పూస తీసి వదిన చెవిలో పెట్టింది. బూర ఇంకా తెరిచే ఉంది.

నేను మళ్ళీ ఎడమపక్కకి వచ్చి నిలబడ్డాను. మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు. చెప్పాను. నేను ఒక ముక్క అనగానే పెట్టె ఆ ముక్క అందుకుంటోంది.

"అసిరి అంటోంది: సీటీ నాను తియ్యనేదు ఒదినా. పిలిసినా ఎల్లనేదు. మీట నొక్కీసి కూకున్నాను. గోరింకని తుడిసీయాలనే సేసినాను. నువ్వు దానికేసి తిరుగుతున్నావని కుల్లు నాకు. నీ పేరు పోతాదని తెలిసి కూడా నోరిప్పనేదు."

నా నోటి నుంచి వచ్చినప్పటికంటే దాని నోటి నుంచి వింటే ఇంకా నీచంగా ఉంది. ఆ వార్తల గొంతు ఒక్క అక్షరం తగ్గించలేదు. చివర్న ఒకటి కలిపింది.

"అసిరి ఏడుస్తోంది."

"అది నాను సెప్పమన్నేదు!" అని పెట్టె మీద అరిచాను.

"అసిరి అంటోంది: అది నాను సెప్పమన్నేదు" అంది పెట్టె.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. వదిన నవ్వలేదు. నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"నా మీద నింద పడ్డానికి సెందురుడు అక్కర్నేదే" అంది. "నువ్వు సాలు."

దమయంతి తీర్పు రాసింది. పెట్టె భూమిదే, తూకం సరే, అంకె సరే, యజమాని మీద తప్పు లేదు. తెలిసి చీటీ ఎగ్గొట్టినందుకు అసిరమ్మ అనే నేను మూడేళ్ళు దేశం దాటకూడదు. అంతా అయిందనుకున్నాక వదిన చెవి వైపు వేలు చూపించింది. "ఈ పూస టోకెనులో లేదండీ. ఆ రోజు తూకం బల్ల మీదికి రాలేదు. ఇది మాత్రం చంద్రుడి సరుకు కిందే తీసుకోవాలి. నా చేతిలో లేదు, ఏమీ అనుకోకండి."

వదిన పూస తీసి ఇచ్చింది. ఇలాంటి పూస విడిగా దొరకదు. పెట్టెతో పాటే పుడుతుంది, ఆ పెట్టెతోనే మాట్లాడుతుంది. ఆ రోజు పూసని వదిన చెవిలోనే వదిలేసి చీటీ రాయించడానికి వచ్చింది నేనే. అదీ నా ఖాతాలోనే.


ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, సాలూరు

వదిన నాతో ఇరవై రోజులు మాట్లాడలేదు. అన్నం పెడుతుంది, మాట మాత్రం లేదు. మా అన్న ఇద్దరి మధ్యా కూర్చుని, తలా ఒక ముక్క చేరవేసి చేరవేసి, ఇంతకంటే నాకు ఆ పెట్టె పనే నయం అన్నాడు. శశిపేటవాళ్ళు వచ్చే చవితికి మళ్ళీ పిలిచారు. వదిన ఏం కబురు పెట్టిందో నాకు చెప్పలేదు. అన్న చెప్పాడు. మూడేళ్ళు ఆగండని పెట్టిందట.

ఈ రోజు ఇక్కడ ఆట. పందిట్లో నేను అటక మీది నుంచి దింపిన మట్టి గుమ్మెట పట్టుకుని, అలవాటుగా ఎడమపక్కకి నడిచాను. వదిన గోరింకని తీసుకొచ్చి ఆ పక్కనే స్టూలు మీద పెట్టింది.

"అది నా పక్క" అన్నాను.

"కుడికి రా" అంది. ఇరవై రోజుల తర్వాత మొదటి మాట.

"పక్కలు మారితే కథ సెడిపోతాదంటారు గదా!"

"మనిసి సెడిపోనాక ఇంక కథకేటి వచ్చింది? రా. రాజకీయం నువ్వే సెప్పాల. కస్టమ్సోల్ల సంగతి నీకంటే ఎవులికి తెలుసు?"

పందిట్లో ముసలివాళ్ళు గొణుక్కున్నారు. గుమ్మెట ఎత్తుకుని కుడిపక్కకి వచ్చి నిలబడ్డాను. తంబూరా మోగింది. వదిన మొదటి ముక్క చెప్పింది. నాకు రాజకీయం ఏం తెలుసు? ఏదో తడుముకుంటూ ఉండగానే ఎడమ నుంచి గోరింక ఒక చెణుకు విసిరింది. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు నాకు గుర్తే. ఇరవై రెండేళ్ళు ఆ పక్క నుంచి నేను పుట్టించిన నవ్వు. ఒళ్ళంతా భగ్గుమంది. ఇప్పుడు కూడా రాస్తుంటే మండుతోంది.

వదిన జనం వైపే చూస్తోంది. మొహంలో ఏమీ లేదు. చెవిలో పూస లేదు. కాస్త కుడికి తల వంచింది.

నేను ఏదైనా చెప్పొచ్చు. ఆ చెణుకుని చప్పగా చేసి చెప్పొచ్చు. నాది ఒకటి కల్పించి, అదే అందని చెప్పొచ్చు. అసలేమీ చెప్పకుండా గుమ్మెట వాయించుకోవచ్చు. ఆ పెట్టె నా మాటల్లో ఒక్కటి మార్చలేదు, అలకతో సహా.

ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాను.

"గోరింక అంతంది" అని మొదలుపెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

వదిన నా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు నా మాటకి కాదు, దాని మాటకి. తెలుసు. తర్వాతి మాట కూడా చెప్పాను.